బొమ్మకి మాట

మాట్లాడే ఫోన్ల గురించి చెప్పడానికి శ్రీకాకుళం నుంచి ఎవరో అమ్మాయి వస్తోందంటే, మా మరదలు కూర్మమ్మను చెయ్యి పట్టుకుని తుఫాను షెల్టరు మెట్లెక్కించింది నేనే. చూపు తగ్గినవాళ్ళకూ, బొత్తిగా లేనివాళ్ళకూ ఆ క్లాసు. నాకు కళ్ళజోడు పెట్టుకుంటే అన్నీ కనిపిస్తాయి. అయినా చాప మీద కూర్మమ్మ పక్కనే కూర్చున్నాను. దిగేటప్పుడు దాని చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

ఆ అమ్మాయి పేరు సింధు. శృంగవరపుకోటలో బట్టల కొట్టున్న శెట్టిగారి కూతురు. పుట్టుకతోనే చూపు లేదట. తెల్ల కర్రను మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరినీ పేరడిగి, మాట కలిపి, చివరికి నా దగ్గరికొచ్చింది.

"మీకు ఎంతవరకు కనిపిస్తుందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే కూర్మమ్మ అందుకుంది. "మా వదినకి బాగానే కనపడతాదమ్మా. లక్ష్మణమ్మని పేరు. ఇన్నాళ్ళూ నా ఫోను సదివి పెట్టింది ఈవిడే. నువ్వు తెచ్చిన స్క్రీన్ రీడరు బాగా సదివితే ఈవిణ్ణి పనిలోంచి తీసేద్దామని ఎంట తెచ్చినాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ 'తీసేద్దాం' అన్న మాట మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

కూర్మమ్మ నా తమ్ముడు ఎర్రన్న పెళ్ళాం. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. కళ్ళలో ప్రెజరు ఎక్కువై దానికి చూపు మెల్లమెల్లగా పోయింది. ఎర్రన్న ఏటా వినాయక చవితి వెళ్ళగానే గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి పనికి పోతాడు. ఈసారి కొడుకు బాబీని కూడా తీసుకెళ్ళాడు. తండ్రి బోటు మీద, కొడుకు గట్టు మీద వలలు బాగుచేసే పనిలో. పొద్దున్నా సాయంత్రం కూర్మమ్మ గోడ తడుముకుంటూ నా గుమ్మంలోకి వచ్చి ఫోను చేతిలో పెట్టేది. నేను ఎర్రన్న పేరు వెతికి నొక్కి ఇచ్చేదాన్ని. వచ్చిన మెసేజీలు చదివేదాన్ని. ఫోటోలొస్తే అందులో ఏముందో చెప్పేదాన్ని.

నాకు చదువు ఎవరూ చెప్పలేదు. రాజాం సంతకు ఎండుచేపలు తీసుకెళ్ళే రోజుల్లో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నాకు ఏ వార్తయినా సగమే తెలిసేది. మిగతా సగం చేపలతో పాటు కొన్నవాళ్ళ ఇంటికి పోయేది. ఏమైందో తెలియని ఆ సగాన్ని రాత్రిళ్ళు నేనే ఊహించుకునేదాన్ని. నా ఊహలో ఎవరూ క్షేమంగా ఇంటికి చేరేవాళ్ళు కాదు.

సింధు తన పని ఏమిటో చెప్పింది. చూపు లేనివాళ్ళు ఫోన్లు, కంప్యూటర్లు వాడుకునే పద్ధతుల మీద వాళ్ళ సంస్థ పనిచేస్తోందట. ఆ పనిలో వాడే మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎవరో పెద్దలు కూర్చుని వాటికి తెలుగు మాటలు తయారుచేశారు. అవి మాలాంటివాళ్ళకు అర్థమవుతాయో లేదో కనుక్కుని రమ్మని ఈ అమ్మాయిని పంపారు.

"ఒక్కొక్కటీ ఫోను చదువుతుంది. మీకు ఏమనిపిస్తే అది చెప్పండి. మొహమాటం వద్దు," అంది సింధు.

మా పేట ఆడవాళ్ళకు మొహమాటం వద్దని చెప్పనవసరం లేదని పాపం ఆమెకు తెలియదు.

"ప్రత్యామ్నాయ పాఠ్యం," అంది ఫోను.

"ఏటది, మంత్రాలు సదివి పెళ్ళి చేయిస్తన్నాదేటి నీ ఫోను?" అంది కూర్మమ్మ.

"ఫోటో ఉందనుకోండి," అంది సింధు నవ్వు ఆపుకుంటూ. "ఫోనుకు అది ఫోటో అని తెలుసు. అందులో ఏముందో తెలీదు. ఆ ఫోటో పెట్టినవాళ్ళు కింద రెండు ముక్కలు రాస్తే, అవి మనకు చదివి వినిపిస్తుంది. వాటినే ఆల్ట్ టెక్స్ట్ అంటారు."

"అంతేనా? బొమ్మకి మాట," అంది గౌరి. గౌరికి ఒక కన్ను లేదు, రెండో కంటికి వెలుగూ నీడా, మరీ దగ్గరగా పెట్టుకుంటే మనుషుల మొహాలూ తెలుస్తాయి.

సింధు ఆ మాటను తన ఫోనులోకి రెండుసార్లు పలికింది. తర్వాత 'వర్ణ వైరుధ్యం' వచ్చింది. అక్షరాల రంగూ వెనకాల రంగూ కలిసిపోకుండా ఉండటమట.

"ఆళ్ళిద్దరికీ తగువెందుకమ్మా?" అంది గౌరి. "బూడిద మీద బూడిద రాస్తే కనపడదు, నల్ల మీద తెల్ల రాస్తే ఎత్తి కనపడతాది. ఎత్తి కనపడ్డం అను, సరిపోతాది."

ఇలా కాసేపు నడిచాక, బొమ్మకి మాట ఎలా చెప్పాలో చూద్దామంది సింధు. కూర్మమ్మ తన ఫోను నా చేతికిచ్చింది. పొద్దున్నే ఎర్రన్న పంపిన ఫోటో అందులో ఉంది. నేను కళ్ళజోడు సర్దుకున్నాను.

"మా తమ్ముడమ్మా. బాగా సిక్కిపోయినాడు. కళ్ళు లోతుకెల్లిపోయినాయి. ఎనకాల సముద్రం నల్లగా ఉన్నాది, గాలి తిరిగేలా ఉన్నాది. ఏటో మనకి సెప్పకుండా మనసులో దాస్తన్నాడు."

కూర్మమ్మ నిట్టూర్చింది. సింధు, "ఇంకెవరైనా చూసి చెబుతారా?" అంది.

గౌరి ఫోనును ఉన్న కంటికి ఆనించుకుంది. "ఎర్రన్న మావ నవ్వతన్నాడు. సేతిలో టీ గలాసున్నాది. ఎనక నీలం బోటు."

"నవ్వతన్నాడా?" కూర్మమ్మ గొంతు లేచింది. "వదినా! ఎల్లిన కాడ్నుంచి ఆయన ఒక్క ఫోటోలో కూడా నవ్వినట్టు సెప్పలేదే నువ్వు! పాపం ఆయన నవ్వి నవ్వి పంపతన్నాడు, నాను ఫోను చేసి ఎందుకేడస్తన్నావని అడగతన్నాను!"

షెల్టరు గోడలు అదిరేలా నవ్వారు.

"లక్ష్మణమ్మగారూ," అంది సింధు మెల్లగా, "ఉన్నది చెప్పండి, చాలు. మీ భయం ఫోటోలో లేదు కదా."

ఆ అమ్మాయికి ఏం చెప్పను? మా ఇంటాయన చేపల వేటకు వెళ్ళిన పొద్దున గట్టు మీద నిలబడి, తెప్ప కనుమరుగయ్యేదాకా చూశాను. ఆ తెప్ప మళ్ళీ రాలేదు. అప్పటినుంచి నేనెవరినీ సాగనంపను. ఎర్రన్న వేరావల్ ప్రయాణమైనప్పుడల్లా నాకు పొయ్యి దగ్గర ఏదో పని తగులుతుంది. నేను చూస్తేనే మనుషులు మాయమవుతారని ఎక్కడా రాసి లేదు. అయినా చూడను.

సింధు రెండోసారి వచ్చినప్పుడు ఒక కబురు తెచ్చింది. శ్రీకాకుళంలో వాళ్ళ సంస్థ కొందరు ఆడవాళ్ళను కొన్నాళ్ళపాటు హాస్టల్లో ఉంచి, ఒంటరిగా కర్రతో నడవడం, ఫోను మీద సొంతంగా పనులు చేసుకోవడం నేర్పుతుందట. కొత్తగా తయారయ్యే ఆప్‌లు వాళ్ళ చేతికిచ్చి, ఎక్కడ తికమక పడుతున్నారో చూస్తుందట. మా పేట నుంచి కూర్మమ్మను రమ్మంది.

కూర్మమ్మ మొహం చూడాలి. పెళ్ళిచూపులకు పిలిచినట్టు వెలిగిపోయింది.

ఎర్రన్నతో నా ముందే మాట్లాడింది. అటునుంచి వాడు అరవడం నాకూ వినిపించింది. "ఎల్లు, నాను కాదన్ను. గాని రోజూ సాయంత్రం నువ్వే ఫోను చెయ్యాల. ఎవుల్నీ బతిమాలకుండా నీయంతట నువ్వే చెయ్యాల. అది వస్తే ఎల్లు, రాకపోతే ఇంటికాడుండు."

నాకు లోపల కొంచెం హాయిగా అనిపించింది. అది దానికి రాదని నాకు తెలుసు.

వేలితో పేర్లు జరుపుకుంటూ వెళ్ళి ఆగాల్సిన చోట ఆగొచ్చని సింధు చూపించింది. కానీ బాబీ ఆ ఫోనులో ఊరందరి నంబర్లూ వేసిపెట్టాడు. కూర్మమ్మ వేలు ఒక్కసారి జారితే మళ్ళీ మొదటికి. "అయితే నోటితో చెప్పండి. పేరు చెబితే అదే కలుపుతుంది," అంది సింధు.

ఫోను అడిగింది. "ఎవరికి ఫోన్ చేయాలి?"

కూర్మమ్మ పెదవులు బిగించుకుని కూర్చుంది.

"నాకు వినిపించలేదు. ఎవరికి ఫోన్ చేయాలి?"

కూర్మమ్మ చెమట తుడుచుకుంది. సింధు అనుకుంది, భయపడుతోందని. ఫోను గౌరికిచ్చి, "మీరు మీ ఆయనకు చేయండి," అంది. గౌరీ మాట్లాడలేదు. పక్కనున్న అనూరాధా మాట్లాడలేదు. ఫోను ఒక్కొక్కరినీ అడగడం, వాళ్ళు తల దించుకోవడం.

"ఏమైంది? నెట్ లేదా?" అంది సింధు అయోమయంగా.

"నెట్టు ఉన్నాదమ్మా," అన్నాను. "మొగుడి పేరు నోట్లోంచి రాదు, అంతే. మాలో పెళ్ళాం మొగుడి పేరు పలకదు."

సింధు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు జాలేసింది. కూర్మమ్మ ఫోను తీసుకుని, అక్క హోదాలో గట్టిగా, "ఎర్రన్నకి!" అన్నాను. రింగయింది. అంతే, అందరూ నా చుట్టూ చేరారు. గౌరి మొగుడు జగన్నాధానికీ, ఇంకొకామె మొగుడు త్రినాథ్‌కీ నేనే పేరు పెట్టి పిలిచాను. పేట మొగుళ్ళందరినీ ఒక్క గుక్కలో పలకరించినట్టయింది. కాస్త గర్వంగానే ఉంది. అప్పుడు అనూరాధ తన ఫోను నా ముందు పెట్టింది.

"ఎవరికి ఫోన్ చేయాలి?"

నేను నోరు మూసుకున్నాను. అనూరాధ మొగుడిదీ మా ఇంటాయనదీ ఒకటే పేరు. ఇక్కడ రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు, సీతమ్మవారి భర్త పేరు అనుకోండి.

"నాకు వినిపించలేదు," అంది ఫోను.

"అయ్యో, మా వదిన సార్జింగు అయిపోయినాది," అంది కూర్మమ్మ.

సింధు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "మా అమ్మా అంతే. నాన్న పేరు అనదు, 'కొట్టాయన' అంటుంది. ఫోన్లో కూడా ఆ పేరే పెట్టాం. మీకు నచ్చిన పిలుపు చెప్పండి, దాంతోనే దాచుకుందాం," అంది.

కూర్మమ్మ సిగ్గుపడుతూ 'మావ' అంది. సింధు మార్చిపెట్టింది. కూర్మమ్మ గొంతు సవరించుకుని, "మావకి ఫోన్ చెయ్యి," అంది. రింగయింది. అవతల ఎత్తారు.

"ఏటి మావా, అన్నం తిన్నావా? నా మీద బెంగెట్టుకున్నావేటి?" అంది కూర్మమ్మ తేనె పూసినట్టు.

"తిన్నానమ్మా," అంది అవతల గొంతు. "బెంగ నీ మీద కాదు, ఎండుచేపల మీద. సరుకెప్పుడు పంపతావు?"

రాజాంలో మా చేపలు కొనే ధనరాజు. బాబీ అతని నంబరుకు 'ధనరాజు మావ' అని పెట్టాడట. కూర్మమ్మ ఫోను చాప మీద పడేసి కొంగుతో మొహం కప్పుకుంది. గౌరి నేల మీద పడి దొర్లింది.

"ఆ మావలందరూ వద్దు నాకు," అంది కూర్మమ్మ కొంగులోంచే. "ఇంకెవులికీ లేని పేరు ఎట్టండి. వదిన తమ్ముడు. అలగ ఎట్టండి. ఈవిడకి ఒకడే తమ్ముడు."

"బాగుంది. లక్ష్మణమ్మగారూ, మీకు అక్షరాలొచ్చు కదా. మీరే టైపు చేయండి," అని సింధు ఎలా చేయాలో చెప్పి ఫోను నాకిచ్చింది.

ఆ ఫోను బరువుగా అనిపించింది. ఈ రెండు మాటలు కొట్టేస్తే ఎర్రన్న పెట్టిన షరతు తీరిపోతుంది. కూర్మమ్మ బస్సెక్కుతుంది. సంచీ సర్దుకుని, గుమ్మం దాటి, రోడ్డెక్కి.

'వ' నొక్కాను. తర్వాతి అక్షరం తప్పు పడింది. తుడిపాను. మళ్ళీ కొట్టాను. ఈసారి సరిగానే పడింది. అయినా తుడిపాను. ఇంకాసేపైతే చీకటి పడుతుంది, సింధు బస్సు వేళవుతుంది, ఈ పని మరోసారికి పోతుంది. అక్షరం కొట్టడం, తుడపడం. కళ్ళు లేనివాళ్ళ మధ్య కూర్చుని ఎవరూ చూడటం లేదనుకున్నాను.

"వ," అంది ఫోను గట్టిగా. "ది. ది తొలగించబడింది. ది. ది తొలగించబడింది. వ తొలగించబడింది."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నొక్కిన ప్రతి అక్షరాన్నీ, తుడిపిన ప్రతి అక్షరాన్నీ అది పైకి చెబుతూనే ఉందని నాకు అప్పుడు తట్టింది. నా భయం నాకు ఎంత గట్టిగా వినిపించిందో మరి, దాని గొంతు నా చెవిన పడనే లేదు.

"వదినా," అంది కూర్మమ్మ, "నాకు కళ్ళు లేవు గాని, ఫోనుకి నోరున్నాది."

"సేతి ఏళ్ళు వణకతన్నాయే," అన్నాను.

"తుడపడానికి వణకవేటి?"

గౌరి దగ్గింది. సింధు తన తెల్ల కర్రను విప్పడం, మడవడం మొదలుపెట్టింది.

"నువ్వెల్లిపోతావు," అన్నాను చివరికి. ఇంత వయసొచ్చి, నలుగురిలో, గొంతు పిల్లదానిలా వచ్చింది.

"శ్రీకాకుళం ఎల్తన్నాను వదినా. సింగపూరు కాదు. మద్దేనం పప్పు కుక్కరెక్కించి బస్సెక్కితే, అది ఈలేసేలోపు దిగుతాను." ఎగతాళిగా అని, నా వైపు జరిగి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "ఈ సెయ్యి ఒగ్గేసి ఒక్క అడుగేసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు. నువ్వు మంచిదానివే. నీ సెయ్యీ మంచిదే. గాని ఆ పిల్లని సూడు. నాలాగే సూపు లేదు. ఒక్కతీ బస్సు దిగి, దారి కనుక్కుని, మనకి పాఠం సెప్పడానికొచ్చినాది. నాకూ అలగ నడవాలనున్నాది వదినా."

ఇంతకుముందు అది నన్ను ఏదీ ఇలా అడగలేదు. ఎగతాళి చేసేది, పని చేయించుకునేది. అడగడం ఇదే.

కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాను. "వ. ది. న," అంటూ ఫోను నా వెంటే చదివింది. 'తమ్ముడు' దగ్గర మాత్రం నిజంగానే రెండుసార్లు తప్పు పడింది. "ఇది దొంగ తప్పా, నిజం తప్పా?" అని గౌరి అడుగుతూనే ఉంది. పూర్తయ్యాక కూర్మమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "వదిన తమ్ముడికి ఫోన్ చెయ్యి," అంది.

"ఎవరు సేసినారు?" అన్నాడు ఎర్రన్న.

"నానే. నా అంతట నానే సేసినాను," అని నా తొడ మీద గట్టిగా చరిచింది.

ప్రయాణం రోజున నేను పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఉడుకుతున్న చేపల పులుసులోకి ఇంకాస్త చింతపండు పిసుకుతూ, పిసికిందే పిసుకుతూ. గోడ తడుముకుంటూ కూర్మమ్మ నా గుమ్మంలోకి వచ్చింది. భుజాన సంచీ, తలలో కనకాంబరాలు.

"లెగు. బస్సు కాడికి రావాల నువ్వు."

"గౌరి వస్తాది గదే నీతో."

"గౌరికి ఒక్క కన్ను, అదీ సరిగ్గా లేదు. నాను బస్సెక్కితే ఎలగున్నానో మా ఆయన అడగతాడు. బొమ్మకి మాట ఎవులు సెప్తారు నాకు? లెగు."

కళింగపట్నం నుంచి బస్సు వచ్చింది. కూర్మమ్మ కడ్డీ పట్టుకుని, మెట్టును పాదంతో వెతుక్కుని ఎక్కింది. నేను ముందుకు చాపిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాను. తల తిప్పుకుని ఇంటి దారి పట్టేదాన్నే. నా చేతిలో బుల్లి ఫోను మోగింది.

"ఎక్కడున్నావు వదినా?"

"ఇక్కడే, రోడ్డు మీద."

"సెప్పు మరి. ఏటి కనపడతాంది?"

"బస్సు కదలతాంది. ఒసే కూర్మీ, దిగేటప్పుడు కండక్టరుకి సెప్పకపోతే ఆడు నిన్ను—"

"అది నీకు కనపడతాందేటి?"

నేను ఊపిరి పీల్చుకుని చూశాను. "కిటికీ పక్కన కూకున్నావు. పచ్చ చీర. సంచీ ఒళ్ళో ఎట్టుకున్నావు. పువ్వులు పక్కకి జారిపోయినాయి."

"ఏ పక్కకి?"

"ఎడం పక్కకి."

కిటికీలో చెయ్యి లేచింది. పువ్వులు సర్దుకుంది. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగున్నాయి. నవ్వతన్నావు. పళ్ళు కనపడతన్నాయి."

"అన్నీనా?"

"ఊడిపోయింది తప్ప అన్నీ."

బస్సు సరుగుడు తోట దాకా వెళ్ళింది. వెనకాల నిచ్చెన కనిపించింది, దాని మీద ఎవరిదో గోనె మూట. అదీ చెప్పాను. మలుపులో బస్సు ఒరిగింది. చెట్ల సందుల్లో ఎర్రగా ఒకసారి మెరిసింది. కళ్ళు మూసుకోబోయి, తెరిచే ఉంచాను.

"ఇంకేటి కనపడతాంది?"

"దుమ్ము," అన్నాను. "ఇంక దుమ్మే కనపడతాంది."

"సరే. ఇక్కడ పక్క సీట్లో ఒకావిడ మేకపిల్లని తెచ్చినాది, నా సంచీ నాకతాంది. పొయ్యి మీద పులుసు దించి వచ్చినావా?"

పులుసు దించలేదు. మంట కూడా తగ్గించలేదు. ఫోను చెవికి ఆనించుకునే ఇంటివైపు పరుగెత్తాను.

"పరిగెట్టకు!" అంటోంది కూర్మమ్మ, దాని గొంతు వెనకాల మేక అరుస్తోంది. "బోరింగు కాడ పాకుడుంటాది, కుడి పక్కన నడు. అక్కడ గౌరి వాళ్ళు వలలు ఆరేస్తారు, కాలికి తగలతాయి. దాటినావా? ఇప్పుడు సెప్పు, ఎక్కడున్నావు?"